సొంతూరు ఎన్ని కిలోమీటర్లు?

మా యూనివర్సిటీలో కంప్యూటర్ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి. కంప్యూటర్‌కి దుమ్ము పడదట. కిటికీలు కూడా ఎప్పుడూ తెరిచేవాళ్ళు కాదు. లోపల ఒక ఏసీ, నేలంతా ఎర్ర తివాచీ, ఆ తివాచీలో ఎన్నేళ్ళ నుంచో ఇంకిపోయిన మేజోళ్ళ కంపు. తొంభైల నడుమ ఒక జూన్ నెలంతా ఆ కంపులో కూర్చున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఫోను తీసి, ఐదు కిలోమీటర్ల లోపు ఏ హోటళ్ళున్నాయో చూద్దాం అని వేలితో గీకుతుంటే నాకు ముందు ఆ వాసనే వస్తుంది. ఇదేం విడ్డూరమని మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఇంత దూరం లోపు ఉన్నవాళ్ళని తీసెయ్యడం, ఇంత దూరం అవతల ఉన్నవాళ్ళని పైన పెట్టడం అనే పని ఆ క్యాంపస్‌లో మొట్టమొదట కంప్యూటర్ మీద చేసింది నేనే. గొప్పకి చెప్పడం లేదు.

అప్పుడు నేను జాగ్రఫీలో రిసెర్చి చేస్తున్నాను. ఇల్లు తార్నాక. మా నాన్న చర్చి ఆఫీసులో గుమాస్తా, అమ్మ బళ్ళో టీచరు. పెళ్ళవగానే కృష్ణా జిల్లా నుంచి వచ్చి తార్నాకలో దిగారు. నేను పుట్టింది, పాలపళ్ళు ఊడింది, సైకిలు నేర్చుకుని మోకాళ్ళు చెక్కుకుంది అంతా అక్కడి నాలుగు వీధుల్లోనే. మా ఇంటి నుంచి క్యాంపస్‌లోని లేడీస్ హాస్టల్‌కి నడిస్తే ఇరవై నిమిషాలు. అయినా ఆ హాస్టల్లో నాకొక మంచం, ఒక అల్మారా, సగం గది ఉండేవి. అవి ఎలా వచ్చాయో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ రోజుల్లో తార్నాక చౌరస్తాలో ఏ మేడ మెట్లెక్కినా కంప్యూటర్ కోర్సే. నేనూ ఒక మేడ ఎక్కి ఆరు నెలలు నేర్చుకున్నాను. ఆ సంగతి మా హాస్టల్ వార్డెన్ మేడం చెవిన పడింది. ఆమె కూడా కోస్తా నుంచి వచ్చినవారే, మా వెనక వీధిలో సొంతిల్లు కట్టుకుని ఉండేవారు. పిలిపించి కూర్చోబెట్టి చెప్పారు.

"పోయినేడు గదుల కోసం ఎంత రభసయిందో చూశావు కదమ్మా. నాకు పక్షపాతం అన్నారు. నా గది ముందు బైఠాయించారు. ఈసారి మనమేం చెయ్యం. అంతా కంప్యూటరే చేస్తుంది. కంప్యూటర్‌ని ఎవరేమంటారు?"

రూలు చాలా తేలిక. పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ అందరూ ఏటా దరఖాస్తు పెట్టుకోవాలి. యూనివర్సిటీకి ఐదు కిలోమీటర్ల లోపు ఊరున్నవాళ్ళకి హాస్టల్ లేదు. మిగిలినవాళ్ళలో ఎవరిది ఎక్కువ దూరమైతే వాళ్ళు ముందు. మా బ్లాకులో అరవై మందికి చోటు. అరవయ్యో పేరు దగ్గర గీత గీస్తే పని అయిపోయినట్టే.

నేను ఉబ్బిపోయాను. నా చదువుకి, నా కంప్యూటర్‌కి కలిపి ఒక పని దొరికింది కదా అనుకున్నాను. దూరపు ఊళ్ళకి రైల్వే టైంటేబుల్ పుస్తకం పెట్టుకున్నాను. రైలు లేని ఊరైతే దగ్గర స్టేషన్ దాకా రైలు లెక్క, అక్కడి నుంచి రోడ్డు లెక్క. హైదరాబాదు లోపలి పేటలకి మా డిపార్ట్‌మెంట్ గోడకున్న పాత మ్యాపు దించాను. క్యాంపస్ మధ్యలో ఒక గుండుసూది, పేట మీద ఇంకో గుండుసూది. రోడ్డు ఎటు వంకర తిరిగితే అటు దారం తిప్పుతూ పోయి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి కొలిచాను. విద్యానగర్, లాలాపేట్, ఇలా ఒక్కొక్కటీ. మౌలాలి దగ్గర మాత్రం ఆ పాత మ్యాపులో గుట్ట తప్ప ఏమీ లేదు. గుట్ట మీదే సూది గుచ్చాను. ఏడు కిలోమీటర్లు వచ్చింది. అంత శ్రద్ధగా చేశాను ఆ పనికిమాలిన పని.

దరఖాస్తులు చదివి చెప్పడానికి హాస్టల్ ఆఫీసు క్లర్కు కూర్చున్నాడు. లాలాపేట్ మనిషి, మా నాన్న వయసు. నన్ను బిడ్డా అనేవాడు. ఫారంలో రెండు గళ్ళుండేవి, ఒకటి ప్రస్తుత చిరునామా, రెండోది స్వస్థలం. దూరం ఏ గడిని బట్టి కట్టాలో మేడం ఒక ఫారం మీద ఎర్ర సిరాతో టిక్కు పెట్టి పంపారు. స్వస్థలం పక్కన పెట్టారు. నేను చూశాను. చూసి, ఆమె చెప్పినట్టే కొట్టుకుంటూ పోయాను.

మొదటి పూటే క్లర్కు ఒక ఫారం పట్టుకుని ఆగాడు.

"గీ పిల్లది ఏలూరు పక్కన ఊరని రాసింది. నేను పొద్దుగాల లాలాపేట్ల ఎక్కిన బస్సులనే తార్నాక కాడ ఎక్కుతది గదా బిడ్డా. చేతుల టిఫిన్ డబ్బ సుత ఉంటది."

"ఫారంలో ఏముంటే అదే కొట్టాలి సార్" అన్నాను.

"మంచిది. కొట్టు" అన్నాడు.

బయటివాళ్ళకి ఇది అబద్ధంలా కనిపిస్తుంది. మా వాళ్ళకి అలా అనిపించదు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. తార్నాకలో ఇల్లు కట్టుకుని, పిల్లల్ని ఇక్కడే చదివించి, ఇక్కడే పెళ్ళిళ్ళు చేసి, సమాధి స్థలం కూడా ఇక్కడే మాట్లాడుకున్న మనిషిని మీదే ఊరండీ అని అడగండి. తార్నాక అని చచ్చినా చెప్పడు. తాత పుట్టిన ఊరు చెబుతాడు, ఆ ఊరికి ఏ బస్సు వెళుతుందో తెలియకపోయినా. ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు కాస్త సర్దుకుంటాడు. హైదరాబాదులో ఉంటాం, ఇక్కడివాళ్ళం కాదు అని ఆ గొంతులోనే తెలిసిపోతుంది. హిందువులూ అంతే, మా క్రైస్తవులూ అంతే. మా చర్చిలో ఆదివారం బెంచీల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తే జిల్లాలు చెప్పెయ్యవచ్చు. ఆ ఫారాలు నింపినప్పుడు అబద్ధం రాస్తున్నామని ఒక్కరికీ తోచి ఉండదు.

గడువు ఆఖరి రోజున ఒక పిల్ల వచ్చింది. ఎమ్మెస్సీ లెక్కలు, మొదటి ఏడాది. రబ్బరు చెప్పులు విడిచి, ఒకదాని పక్కన ఒకటి సర్ది లోపలికి వచ్చింది. ఫారం నింపింది గానీ ఒక గడి ఖాళీగా ఉంది.

"సార్, స్వస్థలం అన్న కాడ ఏం రాయాలె?"

"మీ సొంతూరు రాయాలమ్మా" అన్నాడు క్లర్కు.

"మాది మౌలాలే. పైన సుత అదే రాసిన."

"మీ నాయనది?"

"మౌలాలే."

"మీ తాతది?"

"గుట్ట కిందనే సార్. మా ఇల్లు ఆయన కట్టిందే."

క్లర్కు నా వంక చూసి, గొంతు తగ్గించి ఆ పిల్లకి చెప్పాడు. "మీ అమ్మమ్మ ఊరో, మేనత్త ఊరో, ఏదన్న దూరం ఊరు రాయి బిడ్డా. లేకుంటె నీ పేరు ఆఖర్న పడతది."

ఆ పిల్ల నవ్వింది. "లేని ఊరు ఎట్ల రాయాలె సార్?" అని అక్కడే నిలబడి మౌలాలి అని రాసి ఇచ్చింది.

ఇచ్చి వెళ్ళిపోతే నాకు ఏ బాధా లేకపోయేది. కంప్యూటర్ తెర మీద పేర్లు చూడటం అలవాటు లేక కాసేపు నా వెనక నిలబడింది. మాటల్లో చెప్పింది. తండ్రి రైల్వే షెడ్డులో పనిచేస్తాడు, షిఫ్టు డ్యూటీ, పగలు పడుకుంటాడు. ఉన్నది ఒకటే గది. తండ్రి పడుకుంటే లైటు వెయ్యకూడదు, పేజీ తిప్పిన చప్పుడు కూడా కాకూడదు. లైబ్రరీలో కూర్చుందామంటే బస్సు చిక్కు.

"తార్నాక కాడ బస్సు మారాలె అక్కా. మొన్న గంటసేపు గాడ నిలవడ్డ. ఇంటికి పోయేసరికి చీకటైంది. మా నాయన ఒక్కటే మాట అన్నడు. హాస్టల్ దొరికితే చదువు, దొరకకుంటె ఇంట్ల కూసో అన్నడు. ఆయన అన్నడంటె అన్నట్టే." తెర మీదికి వంగి అడిగింది. "దొరుకుతదా అక్కా?"

"కంప్యూటర్ చూస్తుంది" అన్నాను. మేడం మాటే నా నోట్లోంచి వచ్చింది.

మర్నాడు ఇంగ్లీషులో రెండు వరుసలు కొట్టాను. దూరం ఐదు దాటినవే చూపించు, ఎక్కువ నుంచి తక్కువకి పేర్చు. ప్రింటరు కాసేపు గీపెట్టి కాగితం కక్కింది. ఐదు కిలోమీటర్ల జల్లెడలో ఎంతమంది రాలారో చూద్దామని వేరే తీశాను. ముగ్గురు. చుట్టూ తార్నాక, సీతాఫల్‌మండి, విద్యానగర్ కిక్కిరిసి ఉండగా, కంప్యూటర్‌కి దొరికిన స్థానికులు ముగ్గురే. ముగ్గురూ ఇక్కడే పుట్టి, ఇక్కడి పేరే రాసినవాళ్ళు.

అరవై మంది జాబితా చూశాను. మా ఇంటికి మూడో వీధిలో ఉండే అమ్మాయి మూడు వందల పది కిలోమీటర్లు. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండే ఒక ప్రొఫెసర్ గారి కూతురు మూడు వందల అరవై. వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే మా మెస్సులో ఏం కూరో తెలుస్తుంది. ఎనిమిదో పేరు నాది. మూడు వందల నలభై కిలోమీటర్లు. ఆ పిల్ల పేరు కోసం కిందికి, ఇంకా కిందికి వెళ్ళాను. డెబ్బై నాలుగు.

ఊరుకోలేక గడి మార్చి చూశాను. స్వస్థలం తీసేసి ప్రస్తుత చిరునామాతో దూరం కట్టాను. జల్లెడలో ఈసారి పంతొమ్మిది మంది కొత్తగా రాలారు, నాతో కలిపి. ఆ పిల్లది యాభై ఐదో పేరు అయింది. అంటే ఆ పిల్లకి రావలసిన మంచం మీద ఎవరో పడుకుంటున్నారు. ఆ పడుకునేవాళ్ళలో నేనొకదాన్ని. నా మంచం మీద నేను చేసేది కూడా అదే, మధ్యాహ్నం అమ్మ పంపిన క్యారియర్ తిని నిద్రపోవడం. మిగతా వేళల్లో అది నా పుస్తకాల గోదాము.

రెండు కాగితాలూ పట్టుకుని మేడం దగ్గరికి వెళ్ళాను. పంతొమ్మిది మంది ఇక్కడి ఇళ్ళల్లోనే ఉంటున్నారని, చిరునామా గడి పెడితే న్యాయంగా ఉంటుందని చెప్పాను. ఆమె రెండో కాగితం చేత్తో కూడా ముట్టుకోలేదు.

"ఉద్యోగాల కోసం వచ్చి ఉంటున్నాం గానీ, సొంతూరు సొంతూరే కదమ్మా. రిటైరయ్యాక మేమంతా వెళ్ళిపోయేవాళ్ళమేగా."

వెనక వీధిలో ఆమె రెండో అంతస్తు వేయిస్తున్న సంగతి నాకు తెలుసు. రోజూ ఆ ఇసుక కుప్ప చుట్టూ తిరిగే నేను క్యాంపస్‌కి వచ్చేదాన్ని.

"అయినా ఎనిమిదో పేరు ఎవరిదో చూశావా?" అని మెల్లగా అడిగి, మొదటి కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశారు. దాని మీద నేను పెన్సిలుతో గీసిన గీతలు చూసి ఆగారు. "సోమవారం నీటుగా ఇంకో కాపీ తీసివ్వు, సంతకం పెడతాను" అన్నారు.

ఆమె మీద వచ్చిన రోత, గది దాటే లోపల నా మీదికే తిరిగింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు నాన్నని అడిగాను, మన ఊరు వెళ్ళి ఎన్నాళ్ళయిందని.

"మీ తాతయ్య పోయినప్పుడు వెళ్ళాం కదూ" అన్నాడు. అప్పుడు నాకు ఐదేళ్ళు.

"అక్కడ మనకి ఇల్లుందా?"

"ఇల్లెక్కడిది, మీ పెదనాన్న ఎప్పుడో అమ్మేశాడుగా."

"మరి నా ఫారంలో దాన్ని సొంతూరని ఎందుకు రాయించావు?"

నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. నిజంగానే నొచ్చుకున్నాడు. "మరేం రాయమంటావే? తార్నాక అని రాస్తారా ఎవరైనా? అదేమన్నా ఊరా?"

"ఇంట్లో నీ పుస్తకాలకి చోటేది? ఆ గది మనకి ప్రభువు ఇచ్చాడు" అంది అమ్మ, కోడికూర వడ్డిస్తూ.

ప్రభువు ఇచ్చిన సంగతి మా చర్చి అంతటికీ తెలుసు. నాకు మొదటిసారి హాస్టల్ వచ్చినప్పుడు అమ్మ స్త్రీల కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ఎంతమందికో దొరకనిది మా అమ్మాయికి దొరికింది, ఇది దేవుని కార్యం అంది. నలుగురూ ఆమెన్ అన్నారు. నేనూ తల వంచుకుని అన్నాను. అమ్మ వడ్డించిన కూర తిన్నాను.

ఇక్కడ నేను చెయ్యవలసిన పని ఒకటుంది. నా పేరు కొట్టేసుకోవడం. దానివల్ల ఆ పిల్ల డెబ్బై నాలుగు నుంచి డెబ్బై మూడుకి వస్తుంది, అంతే. మిగతా పద్దెనిమిది మంది పేర్లు బయటపెట్టి పోట్లాడాలి. ఆ పద్దెనిమిది మందిలో మా చర్చివాళ్ళు, మా వీధివాళ్ళు, నా గైడు గారి మేనకోడలు ఉన్నారు. అంత ధైర్యం నాకు లేదు. అందుకని సోమవారం పొద్దున కాపీ తియ్యబోతూ ఇంకో పని చేశాను. ఆ పిల్ల స్వస్థలం గడిలో మౌలాలి చెరిపేసి మా నాన్న ఊరు కొట్టాను. మూడు వందల నలభై కిలోమీటర్లు. జాబితాలో నా పేరు కిందే తొమ్మిదోది అయింది.

క్లర్కు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"గిది ఆమెకు చెప్పినవా బిడ్డా?"

"చెప్పక్కర్లేదు సార్. గది వస్తే చాలు కదా."

"అడగకుంట ఒకరికి ఊరు పెడతరా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఒక మంచిపని చేస్తుంటే ఈయనకెందుకు అనుకున్నాను. సంతకం అయింది. ఆ పూట నాకు ఎంత తృప్తిగా ఉందో తలచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చీదరించుకుంటాను. నాది నేను వదులుకోకుండా, నాకున్న అబద్ధంలో ఒక ముక్క విరిచి ఆ పిల్లకి ధర్మం చేశాను. చేసి, హాస్టల్‌కి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు నోటీసు బోర్డు దగ్గర ఒకటే తోపులాట. వరస సంఖ్య, పేరు, సొంతూరు, దూరం, అన్నీ అచ్చు వేసి ఉన్నాయి. ఆ పిల్ల కింది నుంచి పైకి చదువుకుంటూ వస్తోంది. పేరు దగ్గర వేలు ఆగింది. పక్కనున్న క్లాసు పిల్ల ఒకతె వీపు మీద చరిచి, "ఏయ్, మీది కృష్ణా జిల్లానా? ఎన్నడు చెప్పకపోతివి!" అని నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ పిల్ల మొహం నల్లబడింది. జనాన్ని తప్పించుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"గిది మీరు చేసిన్రా అక్కా?"

"నీ కోసమే. మాట్లాడకుండా గది తీసుకో. ఎవరూ అడగరు" అన్నాను.

"నాకు గది గావాలె అక్కా. మస్తు గావాలె." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "గానీ రేపు మా నాయన సంతకం పెట్టనీకి వస్తడు. ఆయన గీ కాయితం చూడడా? బిడ్డ చదువుకున్నంక మా ఊరు వద్దనుకున్నది అనుకోడా? ఇల్లు కట్టింది మా తాత అక్కా. ఏమని చెప్పాలె నేను?"

దారం పెట్టి ఊళ్ళన్నీ కొలిచినదాన్ని, ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల చున్నీతో మొహం తుడుచుకుని వార్డెన్ గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల క్లర్కు ఏవో ఫైళ్ళు సర్దుతున్నాడు.

"మేడం, లిస్టుల నా ఊరు తప్పు పడ్డది. మాది మౌలాలి. జర మార్చున్రి" అంది.

మేడం కాగితం మీదికి వంగి, తల ఎత్తారు. "ఇది ఎలా వచ్చింది? ఎవరు రాశారు?"

క్లర్కు నా వంక చూశాడు. ఆయన చెప్పదలుచుకోలేదు, నన్ను చెప్పమంటున్నాడు. ఆ పిల్ల కూడా వెనక్కి తిరిగి చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలుసు. రిసెర్చి పోతుంది, గది పోతుంది, వీధిలో పరువు పోతుంది అని భయపడుతున్న ఒక అక్క కనిపించి ఉంటుంది. ఒక్క క్షణం చూసి అటు తిరిగింది.

"నేనే తప్పు చెప్పిన మేడం" అంది.

నోరు తెరవడానికి నాకు చాలా సమయం దొరికింది. మేడం కళ్ళద్దాలు పెట్టుకున్నారు. సొరుగు లాగారు. ఎర్ర పెన్ను వెతికి, రాస్తుందో లేదో ఒక కాగితం మీద గీసి చూశారు. నేను నిలబడే ఉన్నాను.

"తప్పుడు సమాచారం ఇస్తే పేరు తీసేస్తామని ఫారం కిందే ఉంది, చదవలేదా?" అని తొమ్మిదో పేరు మీద గీత కొట్టేశారు. డెబ్బై నాలుగో చోటు కూడా మిగల్లేదు. ఆ మొత్తం జాబితాలో ఊరి విషయంలో అబద్ధం చెప్పిందని శిక్ష పడింది ఆ పిల్లకి ఒక్కదానికే. ఆమె "సరే మేడం" అని, నా పక్క నుంచే బయటికి వెళ్ళింది.

"చూశావా, ఈ పిల్లలు ఎంత ముదిరిపోయారో. మనం కంప్యూటర్ పెట్టబట్టి దొరికింది" అన్నారు మేడం నాతో. నేను తల ఊపాను. క్లర్కు ఆ తర్వాత నన్ను ఎప్పుడూ బిడ్డా అనలేదు. మేడం అనేవాడు.

వారం రోజులు నా మంచం మీద నాకే కంపు కొట్టింది. చివరికి గది వదులుకుంటున్నానని ఉత్తరం రాసి ఇచ్చాను. కారణం అడిగితే ఆరోగ్యం అన్నాను, అక్కడా నిజం చెప్పలేదు. నాతో, కొట్టేసిన పేరుతో కలిపి రెండు ఖాళీలయ్యాయి. జాబితాలో తర్వాతి ఇద్దరికి వెళ్ళాయి. అందులో ఒకమ్మాయిది మా పక్క వీధి, కాగితం మీద రెండు వందల డెబ్బై కిలోమీటర్లు. ఆ తర్వాతి ఆదివారం వాళ్ళమ్మ మా చర్చిలో లేచి నిలబడి, వెయిటింగులో ఉన్న మా పాపకి దేవుడు అద్భుతంగా గది తెరిచాడు అని సాక్ష్యం చెప్పింది. అమ్మ ఆమెన్ అంది. నేను మధ్యలో లేచి బయటికి వచ్చి, గేటు దగ్గర కాలవలో వాంతి చేసుకున్నాను. ఎండ దెబ్బ అన్నారు.

సెప్టెంబరులో ఒకరోజు లెక్కల డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి అడిగాను. ఆ పిల్ల నెలన్నరగా రావడం లేదన్నారు. ఇంటి నంబరు దరఖాస్తులో ఉంది. క్లర్కుని అడిగి చూసి రాసుకున్నాను. వచ్చే ఏటి హాస్టల్ ఫారం ఒకటి సంచిలో పెట్టుకున్నాను. జరిగిందంతా వాళ్ళ నాన్నకి చెప్పాలి, మేడం దగ్గరికి తీసుకెళ్ళి ఆమె ముందూ చెప్పాలి అని బస్సులో రెండుసార్లు మనసులో అనుకుని చూసుకున్నాను. తార్నాక దాటాక ఆ దారి నాకు కొత్త. ఇరవై నాలుగేళ్ళు అంత దగ్గరలో బతికి, గుట్టని మేడ మీద నుంచి చూడటమే గానీ ఒక్కసారీ అటు వెళ్ళలేదు. బస్సు లాలాపేట్‌లో చాలాసేపు ఆగింది. నా దారం మీద వేలెడంత ఉన్న దూరం దాటడానికి దాదాపు గంట పట్టింది.

ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ఇంటి నంబరు చెప్పకుండానే, లెక్కలు చదివే అమ్మాయి ఇల్లు అనగానే చూపించారు. అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెబుతోంది. నన్ను చూసి లేచింది. తిడుతుందనుకున్నాను. "రాండ్రి అక్కా" అని లోపలికి పిలిచింది. ఒకటే గది, చెప్పినట్టే. ఒక మూల మంచం మీద వాళ్ళ నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, షిఫ్టు నుంచి వచ్చాడట. అందుకని అందరం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. లేపమని నేను అడగలేదు. లేవలేదు కదా, ఇంకోసారి చెప్పవచ్చు అని నాకు లోపల హాయిగానే ఉంది.

వాళ్ళమ్మ స్టూలు తుడిచి వేసింది. చాయ్ తెచ్చింది, స్టీలు పళ్ళెంలో బిస్కెట్లు పెట్టింది. యూనివర్సిటీ నుంచి బిడ్డ కోసం ఒకరు వచ్చారని ఆమెకి సంబరంగా ఉంది. నా ఎదురుగా నేల మీద కూర్చుని ఆప్యాయంగా అడిగింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

పుట్టినప్పటి నుంచీ నన్ను అడుగుతున్న ప్రశ్న. జవాబుకి ఆలోచించనక్కర్లేదు, నోరే చెప్పేస్తుంది. చెప్పేసింది. మా నాన్న ఊరి పేరు చెప్పాను.

"అబ్బో, గంత దూరమా! అమ్మ నాయనను ఇడిసిపెట్టి ఒక్కదానివే ఉంటున్నవా తల్లీ?" అని ఆమె జాలిపడి, పళ్ళెంలో ఇంకో రెండు బిస్కెట్లు పెట్టింది.

ఆ పిల్ల గడప దగ్గర నిలబడి వింది. నా వంక ఒకసారి చూసింది. అరుగు మీదికి వెళ్ళి ఎక్కం ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి పిల్లల చేత మళ్ళీ చెప్పించింది.

నేను ఆ బిస్కెట్లు తిన్నాను.